ప్రాజెక్ట్ రిలేట్: ఆఫీసులో నా మాట అందింది, కూరగాయల బండి దగ్గర ఇంకా అందాలి

తీర్పు ముందే చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండకపోవడం) వల్లో, పార్కిన్సన్స్ వల్లో, పక్షవాతం వచ్చాక నాలుక సరిగా తిరగకపోవడం వల్లో మాట ముద్దగా వచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకి ఇంగ్లిష్ చదవడం వచ్చి, చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, గూగుల్ వాళ్ల ప్రాజెక్ట్ రిలేట్ యాప్ కోసం కొన్ని సాయంత్రాలు ఖర్చుపెట్టడం దండగ కాదు. నేను పెట్టాను. ఇప్పుడు ఆఫీసు ఈమెయిళ్లు నా గొంతుతోనే రాస్తున్నాను. తెలుగులోనే బతుకంతా గడిచేవాళ్లకి మాత్రం ఇది ఇంకా పనికిరాదు. నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది ఈ రెండో సంగతే. కానీ ముందు యాప్.

నా గురించి అవసరమైనంత వరకు. మాది తెనాలి. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఒక ఆడిటర్ గారి ఆఫీసులో. జీఎస్టీ రిటర్నులు, డిపార్ట్‌మెంట్ నోటీసులకి జవాబులు, పార్టీలతో, అంటే మా దగ్గర లెక్కలు చూపించుకునే వ్యాపారులతో, ఉత్తర ప్రత్యుత్తరాలు చూస్తాను. చెవి బాగానే వినిపిస్తుంది, లెక్క తప్పదు. నాలుక, పెదవులు, దవడ, ఊపిరి మాత్రం నలుగురూ ఒకేసారి కలిసి పనిచెయ్యరు. దీన్ని డాక్టర్లు డిసార్త్రియా అంటారు. వాక్యం మొదట్లో గొంతు గట్టిగానే వస్తుంది, చివరికొచ్చేసరికి ఊపిరి అయిపోయి మాట గాల్లో కలిసిపోతుంది. త, ట, చ, శ లాంటివి ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. వేళ్లూ అంతే. నేను నొక్కాలనుకున్న కీ పక్కది పడుతుంది.

ఇక్కడే ఒక విషయం అందరికీ తెలియాలి. చేతులు సహకరించనివాళ్లకి వాయిస్ టైపింగ్ అందరికన్నా ఎక్కువ అవసరం. కానీ సెరిబ్రల్ పాల్సీలో చేతుల్ని ఇబ్బంది పెట్టే కారణమే చాలామందికి గొంతునీ ఇబ్బంది పెడుతుంది. అంటే ఎవరికి దాని అవసరం ఎక్కువో, వాళ్ల గొంతే దానికి అర్థం కాదు. మామూలు వాయిస్ టైపింగ్‌ని మాట స్పష్టంగా ఉన్న లక్షల మంది గొంతులతో తయారుచేస్తారు. అందులో నాలాంటి గొంతు లేకపోతే, నా మాట దానికి మాటగానే అనిపించదు, ఏదో చప్పుడులా తోస్తుంది. నేను "ప్లీజ్ సెండ్ ద ఇన్వాయిస్" అంటే తెర మీద ఏవేవో పదాలు వచ్చిపడేవి. ఒక్కోసారి అసలేమీ వచ్చేది కాదు, మైకు గుర్తు ఊరికే వెలిగి ఆరిపోయేది. ఏమీ రాకపోవడమే ఎక్కువ బాధ. తప్పు రాస్తే కనీసం విన్నట్టు లెక్క.

గూగుల్ వాళ్లు 2019లో ప్రాజెక్ట్ యూఫోనియా అని ఒక పరిశోధన ప్రకటించారు. మాట స్పష్టంగా లేనివాళ్ల గొంతులు పోగుచేసి, వాటితో యంత్రానికి నేర్పడం దాని పని. మొదట్లో ఏఎల్ఎస్ అనే, కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే జబ్బు ఉన్నవాళ్లతో ఎక్కువగా పనిచేశారు. ఆ బృందంలో దిమిత్రి కనెవ్‌స్కీ అనే శాస్త్రవేత్త ఉన్నారు. చిన్నప్పుడే వినికిడి పోయిన మనిషి, రష్యాలో పెరిగి తర్వాత ఇంగ్లిష్ నేర్చుకున్నారు. కొత్తవాళ్లకి ఆయన ఇంగ్లిష్ అర్థం కావడం కష్టం. ఆయన తన గొంతుతో వేల వాక్యాలు రికార్డు చేసి, తన మాట అర్థమయ్యే మోడల్, అంటే మాటని అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం, తయారుచేయించుకున్నారు. సమస్య ఉన్న మనిషే పని మధ్యలో కూర్చుని ఉండటం నాకు చాలా నచ్చింది. మనకోసం తయారయ్యే చాలా వస్తువుల్లో ఆ ఒక్కటే ఉండదు.

ఆ పరిశోధనలోంచి 2021 నవంబరులో ప్రకటించిన యాప్ ఈ ప్రాజెక్ట్ రిలేట్. కండరాలు బలహీనపడే మస్కులర్ డిస్ట్రఫీ వల్ల మాట మీద ప్రభావం పడిన ఆబ్రీ లీ అనే గూగుల్ ఉద్యోగి దీన్ని తీర్చిదిద్దడంలో పాలుపంచుకున్నారు. యాప్ ఉచితం. చేసే పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, అందరి గొంతూ కాకుండా మీ ఒక్కరి గొంతు నేర్చుకుంటుంది. అందుకు మీరు దానికి 500 వాక్యాలు చదివి వినిపించాలి.

అయిదొందల వాక్యాలంటే మాట తేలిగ్గా వచ్చేవాళ్లకి ఒక పూట పని. మాకు అలా కాదు. ప్రతి వాక్యానికీ ఊపిరి కూడగట్టుకోవాలి, ఉమ్మి మింగాలి, దవడ సడలించుకోవాలి. కాబట్టి ఒకే విడతలో అవగొట్టాలని పట్టుపట్టకండి. చిన్నప్పుడు మా థెరపీ మేడమ్ నేర్పినట్టు, వీపుకి ఆనుడు ఉన్న కుర్చీలో, పాదాలు నేలకి ఆనేట్టు కూర్చుని చదివాను. సీలింగ్ ఫ్యాన్ ఆపేశాను. పక్కన మంచినీళ్ల సీసా. ఫోన్ చేత్తో పట్టుకోకుండా స్టాండులో పెట్టాను, ఎందుకంటే చెయ్యి వణికితే మైకు దగ్గరికీ దూరానికీ జరుగుతూ ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఒకటుంది. థెరపీ క్లాసులో మాట్లాడినట్టు ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి చదవకండి. రోజూ ఎలా మాట్లాడతారో అలాగే చదవండి. చిన్నప్పటి నుంచి "స్పష్టంగా చెప్పు, నెమ్మదిగా చెప్పు, మళ్లీ చెప్పు" అని విని విని, ఎవరైనా మైకు ముందు పెట్టగానే మనం పరీక్షకి కూర్చున్నట్టు బిగుసుకుపోతాం. ఇది పరీక్ష కాదు. యంత్రం నేర్చుకోవాల్సింది సాయంత్రం అలసిపోయాక వచ్చే గొంతుని, టెన్షన్‌లో వచ్చే గొంతుని. నేను కొన్ని వాక్యాలు పొద్దున్నే లేవగానే, కొన్ని ఆఫీసు నుంచి వచ్చి సోలిపోయాక కావాలనే చదివాను. నా గొంతు రోజంతా ఒకేలా ఉండదు మరి.

రికార్డింగ్ అయ్యాక మీ మోడల్ తయారవడానికి కొంత సమయం పడుతుంది. తయారయ్యాక మూడు పనులు చేసుకోవచ్చు. మీరు మాట్లాడుతుంటే అక్షరాలుగా తెర మీద చూపించేది లిసన్. మీరు అన్నదాన్నే స్పష్టమైన యంత్రపు గొంతుతో తిరిగి పలికేది రిపీట్. గూగుల్ అసిస్టెంట్‌తో మీ గొంతుతోనే పని చేయించుకోవడానికి మూడోది. ఆ మూడోదాని గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, అలారం పెట్టుకోవడానికి తప్ప వాడలేదు. చేతులు అసలే కదలని వాళ్లకి లైట్లు, ఫ్యాన్లు ఆపరేట్ చేసుకోవడానికి అదే అన్నిటికన్నా విలువైనది కావచ్చు.

నాకు లిసన్ ప్రాణం. నెల 20వ తేదీకి జీఎస్‌టీఆర్ త్రీబీ అనే నెలవారీ రిటర్ను వెయ్యాలి, ఆ వారం ఆఫీసులో ఊపిరి సలపదు. ఎవరి పర్చేజ్ బిల్లులు రాలేదు, ఎవరి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్ను) టూబీ స్టేట్‌మెంటులో కనపడలేదు, ఎవరు టాక్స్ చలానా కట్టలేదు, ఇవన్నీ ఒక్కో పార్టీకీ ఈమెయిల్ పెట్టాలి. ఇదివరకు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేదాన్ని. నా పక్కన కూర్చునే అమ్మాయి పది ఈమెయిళ్లు పంపేసరికి నేను ఇంకా మొదటిదాని మధ్యలో ఉండేదాన్ని. మా సార్ ఏమీ అనేవారు కాదు, కానీ ఆయన ఏమీ అనకపోవడం నాకు తెలుస్తూనే ఉండేది. ఇప్పుడు లిసన్‌లో చెప్తాను, వచ్చిన వాక్యాన్ని ఒకసారి చూసుకుని కాపీ చేసి ఈమెయిల్‌లో వేస్తాను. చూసుకోవడం మాత్రం ఎప్పుడూ మానను. యంత్రం ఏదైనా, ఎవరి గొంతైనా, అంకెలూ తేదీలూ పంపే ముందు కంటితో చదవాల్సిందే. జీఎస్టీ నంబర్లు, పాన్ నంబర్లు అసలు గొంతుతో చెప్పను, వాటిని కీబోర్డు మీదే కొడతాను. అది పార్టీల గుట్టుకి సంబంధించిన విషయం కూడా.

మన వృత్తి పదాలు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు దానికి విడిగా నేర్పుకోవచ్చు. కస్టమ్ కార్డులని ఉంటాయి. మనకి కావలసిన పదం రాసి, మన గొంతుతో పలికి చూపించాలి. నేను మొదట పెట్టినవి "ఇ-వే బిల్", "రివర్స్ ఛార్జ్", తర్వాత తెనాలి, మంగళగిరి, మా సార్ పేరు. ఈ పని చెయ్యకుండా యాప్ మీద తీర్పు చెప్పకండి. అమెరికాలో పుట్టిన యాప్‌కి మంగళగిరి ఎలా తెలుస్తుంది?

రిపీట్ సంగతి. మీటింగుల్లో వాడతాను. నేను ఒక వాక్యం అంటాను, ఫోన్ దాన్ని మళ్లీ అంటుంది, అందరూ వింటారు. మొదట్లో అందరూ ఫోన్ వైపు చూసేవారు, నాకు అది గుచ్చుకునేది. కానీ దీనివల్ల జరిగిన మేలు ఒకటి నేను మర్చిపోలేను. ఇదివరకు నేను ఏదైనా అంటే ఎదుటివాళ్లు అర్థం కాకపోయినా తలూపేవారు. తలూపడం మర్యాద అనుకుంటారు. నిజానికి అది మాటని పక్కన పెట్టేయడం. నా అభిప్రాయం ఎన్నిసార్లు అలా నవ్వుల మధ్య మాయమైపోయిందో! ఇప్పుడు ఫోన్ స్పష్టంగా పలికేసరికి "అది కాదమ్మా, ఈ క్లాజు చూడు" అని మా సార్ నాతో వాదిస్తున్నారు. వాదన నాకు గౌరవం. నేను చెప్పింది చేరింది కాబట్టే కదా కాదంటున్నారు.

ఇలాంటి మోడళ్ల గురించి యూఫోనియా పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక పత్రం ఉంది. చిన్న చిన్న వాక్యాల విషయంలో, ఒక మనిషి గొంతుకి ప్రత్యేకంగా తయారైన మోడల్, అనుభవమున్న మనుషుల కన్నా బాగా అర్థం చేసుకుంటోందని దాని సారాంశం. నాకు ఆశ్చర్యం కలగలేదు. మా అమ్మకి నా ప్రతి మాటా అర్థమవుతుంది, చీకట్లో కూడా. పుట్టినప్పటి నుంచి విన్న చెవి అది. ఈ యాప్ చేస్తున్నదీ అదే, వినడం. నన్ను మారమనకుండా తను నేర్చుకుంటోంది. నాకు నచ్చింది అన్నిటికన్నా ఇదే.

సరే, ఇక తెలుగు సంగతి.

నా మాట ఎవరికి అర్థమవుతుంది? అమ్మకి, నాన్నకి, చెల్లికి, ఇద్దరు ముగ్గురు స్నేహితులకి. వాళ్లతో మాట్లాడటానికి నాకు ఏ యాప్ అక్కర్లేదు. ఎవరికి అర్థం కాదు? ఆటో అతనికి, మందుల షాపులో కుర్రాడికి, కరెంటు ఆఫీసులో గుమాస్తాకి, మా వీధిలో కూరగాయల బండి అన్నకి. వీళ్లందరూ తెలుగులో మాట్లాడతారు. యాప్ అవసరం ఎక్కడుందో అక్కడ తెలుగు ఉంది, యాప్ ఎక్కడ పనిచేస్తుందో అక్కడ ఇంగ్లిష్ ఉంది. ఆఫీసు గడప దాటగానే నేను మళ్లీ పాత మనిషిని.

ఆటో ఎక్కి మాట్లాడితే తాగి ఉన్నాననుకుని దింపేసిన వాళ్లున్నారు. ఒక బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి పుట్టినతేదీ చెప్పమని, నేను చెప్తుంటే "వాయిస్ క్లియర్‌గా లేదు మేడమ్" అని పెట్టేశారు. సిగ్నల్ బాగానే ఉంది. పక్కన అమ్మ ఉంటే అందరూ అమ్మనే అడుగుతారు, "అమ్మాయికి ఏం కావాలి?" అని. నేను అక్కడే నిలబడి ఉంటాను. ఇవన్నీ తెలుగులో జరిగే విషయాలు. వీటికి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పే యాప్ ఎంత మంచిదైనా ఏం లాభం?

ఒక అడ్డదారి వాడుతున్నాను, పనికొస్తే మీరూ వాడండి. లిసన్‌లో ఇంగ్లిష్‌లో చెప్పి, ఆ వాక్యాన్ని కాపీ చేసి అనువాదం చేసే యాప్‌లో వేసి, తెలుగులో పైకి చదివిస్తాను. పని జరుగుతుంది. కానీ అది నా మాట కాదు. బండి దగ్గర నేను అనేది "అన్నా, అరకిలో వంకాయలు, లేతవి చూసి వెయ్యి" అని. ఫోన్ అనేది "దయచేసి నాకు అర కిలోగ్రాము వంకాయలు ఇవ్వండి" అని. అందులో అన్న లేడు, లేత లేదు. ఆ అన్న చాలా మంచివాడు, ఓపిగ్గా వింటాడు, కానీ అలా పలికాక మేమిద్దరం ఏదో ఆఫీసులో కౌంటర్‌కి అటూ ఇటూ నిలబడ్డట్టు అయిపోతుంది. మాటంటే కావలసిన సరుకు పేరు చెప్పడం ఒక్కటే కాదుగా. వరసలు పెట్టి పిలుచుకోవడం, బేరం, "నిన్న రాలేదేం" అని అడగడం, ఇవన్నీ ఉంటేనే నేను ఆ వీధి మనిషిని.

తెలుగులో చెయ్యడం కష్టమా అంటే, కష్టమే. నా నోటితో నాకు తెలుసు ఎందుకో. ఇంగ్లిష్‌లో పదాలు పొట్టివి. రెండు పదాలకి ఒకసారి ఊపిరి తీసుకున్నా పదం చెక్కుచెదరదు. తెలుగులో "వెళ్లాల్సొచ్చేట్టుంది" అన్నది ఒకే మాట. నా ఊపిరి దాని మధ్యలో అయిపోతుంది. ఆగి మళ్లీ ఎత్తుకుంటే యంత్రానికి అది రెండు మాటలు, రెండూ అర్థం లేనివి. ఇంకొకటి, తెలుగులో దీర్ఘం, ఒత్తు మారితే అర్థమే మారిపోతుంది. డిసార్త్రియా ముందుగా చెడగొట్టేది సరిగ్గా ఆ కాలాన్నే, ఎంతసేపు సాగదీశాం, ఎంతసేపు నొక్కిపట్టాం అనేదాన్నే. నా పొట్టి అచ్చులు కూడా సాగుతాయి. నాలుక మడత పడాల్సిన చోట పడక కోటి కోతి అవుతుంది. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి మనిషి సర్దుకుంటాడు. యంత్రానికి ఆ సర్దుబాటు నేర్పాలి, నేర్పాలంటే మా గొంతులు కావాలి.

కష్టమే గాని, కానిపని కాదు. గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగు 2017లోనే వచ్చింది, అంటే పునాది ఉంది. పునాది ఉన్నాక ఒక మనిషి గొంతుకి దాన్ని మలచడానికి ఎంత కావాలి? యూఫోనియా వాళ్లే 2019లో ఇంగ్లిష్ మీద చేసిన ప్రయోగంలో, వచ్చిన మెరుగుదలలో 71 శాతం కేవలం 5 నిమిషాల రికార్డింగుతోనే వచ్చిందని రాశారు. అయిదు నిమిషాలు! ఆ అంకె చదివిన రోజు నాకు చాలాసేపు ఏ పనీ తోచలేదు. మనం అడుగుతున్నది కొండంత పని కాదని అప్పుడు అర్థమైంది.

మన పక్కన తమిళంలో మొదలుపెట్టారు. చెన్నైలోని ఎస్ఎస్ఎన్ కాలేజీ వాళ్లు డిసార్త్రియా ఉన్న 20 మంది తమిళ మాటలు రికార్డు చేసి, పరిశోధకులు వాడుకునేట్టు సంకలనం చేశారు. అది 2021లో అందుబాటులోకి వచ్చింది. ఇరవై మందే, కానీ ఇరవై మంది ఉన్నారు. అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీ 2022లో స్పీచ్ యాక్సెసిబిలిటీ ప్రాజెక్ట్ అని మొదలుపెట్టింది. అమెజాన్, ఆపిల్, గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్, బజారులో ఒకరితో ఒకరు పోటీపడే ఈ అయిదు కంపెనీలూ అందులో కలిసి డబ్బు పెట్టాయి. పార్కిన్సన్స్‌తో మొదలై డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, ఏఎల్ఎస్, పక్షవాతం ఉన్నవాళ్ల గొంతులు అక్కడ పోగవుతున్నాయి. అక్కడ చదివే భాష ఇంగ్లిష్.

మన దగ్గర మనుషులు లేరా, చదువు లేదా? హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు జనం దగ్గర నుంచి తెలుగు మాటలు పెద్దఎత్తున పోగుచేశారు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం ఇండిక్‌వాయిసెస్ పేరుతో 22 భాషల్లో మామూలు మనుషుల మాటలు రికార్డు చేసింది, తెలుగుతో సహా. మన భాషల్లో యంత్రాలతో అనువాదం, మాట గుర్తింపు కోసం కేంద్రం 2022లో భాషిణి తెచ్చింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలకి అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పక్కనే మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. రోజూ ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చే చోటు అది. ఒకచోట ఇంజనీర్లు ఉన్నారు, ఇంకోచోట మేమున్నాం. మధ్యలో ఒక సిటీ బస్సు దూరం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాట, భాష వైకల్యాన్ని విడిగా పేరు పెట్టి చేర్చారు. పేరు చేరింది కాబట్టి, ప్రజల డబ్బుతో తెలుగు గొంతులు పోగుచేసే ప్రతి పనిలో మా గొంతులకీ వాటా ఉండాలి. ఇది దయతో చేసే పని అనుకోవద్దు. పిలిస్తే నేను మొదటి రోజే వెళ్లి కూర్చుంటాను, 500 కాదు, 5,000 వాక్యాలైనా చదువుతాను.

ఎవరైనా నిజంగా పూనుకుంటే ఒక్క మనవి. చదవాల్సిన వాక్యాలు పత్రికల్లోంచి తీసుకోకండి. "అభివృద్ధి పథంలో దూసుకుపోతున్న" అని నేను జీవితంలో ఎవరితోనూ అనను. "అన్నా, మెట్రో పిల్లర్ దగ్గర ఆపు", "ఈ మాత్ర తిన్నాక వేసుకోవాలా, తినకముందా?", "నన్నడగండి, అమ్మని కాదు" లాంటివి పెట్టండి. తెనాలి యాస, శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస అన్నీ రానివ్వండి. చదవడం రానివాళ్ల కోసం వాక్యాన్ని వినిపించి తిరిగి అనిపించే ఏర్పాటు కావాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో బడికి పంపనివాళ్లు ఎంతమందో మనకి తెలుసు. చదువు రాలేదని వాళ్ల గొంతుని కూడా వదిలేస్తే ఎలా?

యాప్ ఎవరికి సరిపడదో కూడా చెప్పాలి, ఎందుకంటే పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లల్లో దీని గురించి ఆశపడి నన్ను అడుగుతున్నారు. పక్షవాతం తర్వాత మాట రెండు రకాలుగా దెబ్బతినవచ్చు. మనిషికి ఏం చెప్పాలో తెలుసు, పదం గుర్తుంది, నోరు మాత్రం తిరగడం లేదు అంటే అది డిసార్త్రియా, ఈ యాప్ ప్రయత్నించవచ్చు. పదమే దొరకడం లేదు, గ్లాసు అనబోయి చెంచా అంటున్నారు, వాక్యం కూర్చలేకపోతున్నారు అంటే అది అఫేసియా. అక్కడ లోటు గొంతులో లేదు, మెదడులో భాష ఉండే చోట ఉంది. రాని పదాన్ని ఏ వాయిస్ యాప్ వినగలదు? వాళ్లకి స్పీచ్ థెరపీ, బొమ్మలు నొక్కితే మాట పలికే యాప్‌లు మేలు. చెన్నైలో తయారైన ఆవాజ్ అలాంటిదే. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. కాబట్టి ముందు స్పీచ్ థెరపిస్టుకి చూపించి, ఏది ఎంత ఉందో తెలుసుకోండి.

నత్తి ఉన్నవాళ్ల సమస్య వేరు. వాళ్ల పలుకు స్పష్టంగానే ఉంటుంది, మధ్యలో ఆగుతుంది, తిరిగి తిరిగి వస్తుంది. ఫోన్లు ఆ విరామాన్ని చూసి మాట అయిపోయిందనుకుంటాయి. దాని మీద వేరే పరిశోధన జరుగుతోంది. ఆపిల్ వాళ్లు 2021లో నత్తి రకాలు గుర్తులు పెట్టిన 28 వేల ఆడియో ముక్కల్ని బయటపెట్టారు.

ఐఫోన్ వాడేవాళ్లు అడుగుతారు కాబట్టి అది కూడా. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో వోకల్ షార్ట్‌కట్స్ అని ఉంది. మీకు తేలిగ్గా వచ్చే ఏదో ఒక శబ్దాన్ని కొన్నిసార్లు పలికి, దానికి ఒక పని అప్పగించవచ్చు. పూర్తి మాట రాకపోయినా ఒక్క శబ్దంతో అమ్మకి ఫోన్ వెళ్లేట్టు పెట్టుకోవడం చిన్న విషయం కాదు. నేను ఆండ్రాయిడ్ మనిషిని, అంతకన్నా చెప్పలేను.

రిలేట్ పెట్టుకునే ముందు తెలియాల్సినవి మరి రెండు. నెట్ ఉండాలి. మీ రికార్డింగులు గూగుల్ దగ్గరికి వెళతాయి, అందుకు ఒప్పుకుంటేనే ముందుకి కదులుతుంది. ఒప్పందం పూర్తిగా చదివి నొక్కండి. నేను ఒప్పుకున్నాను, నా గొంతు వల్ల ఇంకో నలుగురికి దారి పడుతుందంటే నాకు సమ్మతమే. మీకు ఇష్టం లేకపోతే అదీ సబబే.

చివరగా, ఏఎల్ఎస్, పార్కిన్సన్స్ లాంటి జబ్బు ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లకి. నా గొంతు ఇలాగే పుట్టింది, ఇలాగే ఉంటుంది, నేను తీరిగ్గా రికార్డు చేసుకున్నాను. మీకు ఆ తీరిక లేదు. ఆ జబ్బుల్లో మాట కాలంతో పాటు మారిపోతుంది, అయిదొందల వాక్యాలు చదివే ఓపిక కూడా తగ్గిపోతుంది. తెలుగు వచ్చాక చూద్దాంలే అని ఆగకండి. ఇంగ్లిష్ చదవగలిగితే ఈ వారమే మొదలుపెట్టండి, ఇంగ్లిష్ రాకపోతే ఫోన్ రికార్డరులో తెలుగు మాటలే, ఇంట్లో రోజూ అనుకునేవే, ఏ తేదీన అన్నారో రాసిపెట్టుకుని దాచండి. రేపు తెలుగు మోడల్ తయారుచేసేవాళ్లు మీ ఇంటి తలుపు తట్టినప్పుడు ఇవ్వడానికి అవి ఉంటాయి.